ఉత్త ఒర

దామోదర్‌రావు ఇంట్ల విత్తనాల అర్ర అని ఒకటున్నది. విత్తనాలు కంపెనీ సంచులల్ల వచ్చుడు మొదలైనంక అండ్ల విత్తనాలు పెట్టుడు బందైంది గాని పేరు మాత్రం పోలే. చొప్పదండి నుంచి జర లోపలికి పోతే వాళ్ల ఊరు. ఆ అర్ర తూర్పు గోడకు ఇప్పుడు కటార్లున్నయి.

కటారు మామూలు కత్తి తీరు కాదు. దాని పిడి కత్తికి అడ్డంగ ఉంటది, నిచ్చెన మెట్టు లెక్క. ఆ మెట్టును పిడికిట్ల బిగించి పట్టుకుంటే రెండు దిక్కులున్న ఇనుప పట్టీలు ముంజేతికి ఆనుకుంటయి, కత్తి ముందుకు పొడుచుకొని నిలుస్తది. గుద్దు గుద్దినట్టు పొడుచుడే దాని పని. ఆ పని మనుషులకు అక్కరలేక ఎన్నేండ్లయిందో. నిర్మల్ దిక్కు ఒక ఊళ్లె ఒక కమ్మరి ఇంటోళ్లు తరతరాలు వాటినే చేసిన్రు. వాళ్లు చేసిన కటారుకు పిడి దగ్గర మూడు చుక్కలు కొట్టి ఉంటయి. గిరాకి పోయినంక గొడ్డండ్లు, కొడవండ్లు చేసిన్రు. అదీ పోయినంక వెల్డింగు దుకాణం పెట్టుకున్నరు. దామోదర్‌రావు ఊరూరు తిరిగి ఏరుకొచ్చేది ఆ మూడు చుక్కల కటార్లనే. వేరేటివి ఊకెనే ఇచ్చినా తీసుకోడు.

ఇంకో పట్టింపు గూడ ఉండె ఆయనకు. ఒర లేని కటారును గోడకు ఎక్కియ్యడు. ఒరలు కమ్మరోళ్లు చేసేటోళ్లు కాదు. కత్తిని చెక్కపని చేసే వడ్లోళ్ల ఇంటికి తీసుకపోతే, వాళ్లు మెత్తటి పొనికి చెక్కను రెండు బద్దలు చేసి, కత్తిని దాని మీద ఆనించి గీత గీసి, లోపల తొలిచి, చింతగింజల జిగురుతోటి అతికి, పైన మేకతోలు తొడిగి కుట్టేటోళ్లు. ఏ కత్తికి ఆ ఒర. ఒక ఒరల ఇంకో కత్తి పెడితే ఒదులన్న అయితది, పట్టన్న పట్టది. కత్తిని దోపి తలకిందులు పట్టుకుంటే జారద్దు, బొటనేలుతోటి పిడిని జరంత నెడితే మాత్రం రావాలె. గోడకున్న ప్రతి కటారును ఆయన అట్ల చూసి చూసి పెట్టుకున్నడే. ఏడాదికి రెండుసార్లు తీసి కుసుమ నూనె రాసి, దూదితోటి తుడిచి, మళ్ల దోపి పెడుతడు. ఆ పొద్దు ఇంట్ల ఎవలు పిలిచినా పలుకడు.

గోడ నడుమ మాత్రం ఒక ఉత్త ఒర వేలాడుతుండె. ఒర లేని కత్తి వద్దన్న మనిషి, కత్తి లేని ఒరను మాత్రం తెచ్చి నడుమ పెట్టుకున్నడు. దాని కథేందంటే, ఆ వెల్డింగు దుకాణపోళ్ల ఇంట్ల ముసలాయన సచ్చిపోయే ముందట దాన్ని అటక మీదికెల్లి తీయించి ఈయన చేతిల పెట్టిండు. మిగతాయి అన్ని పోయినయి, ఇదొక్కటి మిగిలిందన్నడు. దీని కత్తేదని అడిగితే, పెండ్లికి పోయింది, మళ్ల రాలే అన్నడు. ఎవల పెండ్లికి, ఏ ఊరికి అనేది ఆయనకు గూడ తెల్వది, వాళ్ల తాత అనంగ విన్నడట. కింద మొన దగ్గర ఇత్తడి తొడుగు, దాని మీద మూడు చుక్కలు, తోలు మీద అరిటాకు రంగు ఇంక పోలే. గసొంటి ఒర ఆయన దగ్గర ఇంకోటి లేదు.

మనోరమ ఆయన భార్య. గోడ దులిపినప్పుడల్ల ఆ ఒర దగ్గర ఆగి, దీన్ల అగరుబత్తీలన్న పెట్టనియ్యుండ్రి, ఉత్తగనే ఉన్నది గదా అనేది. ఆయన వచ్చి ఒరను మళ్ల సక్కగ సదిరి పెట్టేది. ఆమె అనుడు మానకపోయేది.

ఒక మాఘమాసంల వేములవాడకు పోయిండు దామోదర్‌రావు. కోడెను గుడి సుట్టు తిప్పి కట్టేసే మొక్కు ఇంట్ల ఉండె, అది తీర్చుకుందామని. లైన్ల నిలబడ్డప్పుడు ఆయన ముందట ఒక కొత్త జంట ఉన్నది. పిలగాని నెత్తిన ఇంక బాసింగం జాడ పోలే. పిల్ల ఒక చేత్తోటి కోడె పగ్గం పట్టుకున్నది, పిలగాడు ఒక చేతిల కటారు పట్టుకున్నడు. కటారు మొనకు నిమ్మకాయ గుచ్చి ఉన్నది, ఎండిపోయి చిన్నగైంది. పెండ్లి పిలగాని చేతిల కటారు కొత్త సంగతేం కాదు, అందరిండ్లల్ల ఉన్నదే. ఇప్పుడు ఫంక్షన్ హాలోళ్లు తళుకుల కాయితం అంటిచ్చిన రేకు కత్తి ఇస్తున్నరు, ఫోటోలు దిగి వాళ్లది వాళ్లకు ఇచ్చేస్తున్నరు. ఈ పిలగాని చేతిలది రేకు కాదు. కోడె అటు మళ్లినప్పుడు పిలగాని చెయ్యి ఇటు మళ్లింది. పిడి దగ్గర మూడు చుక్కలు కనవడ్డయి.

దామోదర్‌రావు మొక్కు తీర్చిండా అంటే తీర్చిండు. మనసు మాత్రం ఆ చెయ్యి వెంబడే పోయింది. బయటికచ్చినంక వాళ్లను దొరకబట్టిండు. పిలగాని పేరు సాయిచంద్. వెంట వాళ్లన్న అంబదాస్ ఉన్నడు, మరమగ్గాల షెడ్డుల పనిచేసేటోడు. లక్షెట్టిపేట పద్మశాలోళ్ల వాడ వాళ్లది. దామోదర్‌రావు కటారు మీద కన్ను తియ్యకుంట, దీని ఒరేది అని అడిగిండు. ఒరనా, దీనికి ఎప్పుడూ ఒర చూడలే సారు అన్నడు అంబదాస్, ఎర్రబట్టల చుట్టి పెడుతమన్నడు.

పెండ్లికి పోయి రాని కత్తి. ఒర లేని పెండ్లి కటారు. మూడు చుక్కలు. దామోదర్‌రావు ఆ పొద్దు బస్సుల కిటికీ పక్కన కూసొని వేములవాడ నుంచి కరీంనగర్ దాక బయటికి చూసిండే గాని ఏమీ కనవడలే ఆయనకు. మూడు చుక్కలు ఆ కమ్మరింటి కటార్లు అన్నిటికీ ఉంటయని ఆయనకంటె ఎక్కువ తెలిసినోడు లేడు. ఆ సంగతి మాత్రం ఆ పొద్దు ఆయనకు యాదికి రాలే.

నాలుగొద్దులు గడవంగనే రాయపట్నం వంతెన దాటి లక్షెట్టిపేట పోయిండు. అంబదాస్ పనికి పోయిండు. వాళ్లవ్వ బాలలక్ష్మి గడప మీద కూసొని కండెలకు దారం ఎక్కిస్తున్నది. ఈయనను చూసి లేవబోతే వద్దన్నడు. ఆమె కుర్చీ చూపిస్తే కూసొని, మాట అటిటు తిప్పకుంట కటారు సంగతి ఎత్తిండు. తన దగ్గర దాని ఒర ఉన్నదన్నడు. కావాల్నంటే గోడకున్న వాటిల్ల మంచి కటారు ఒరతోటి సహా తెచ్చిస్తనన్నడు, ఇది తనకియ్యమన్నడు.

బాలలక్ష్మి దారం తెగకుంట చెయ్యి ఆపి, ఆయన దిక్కు జర సేపు చూసింది.

"ఇది మాది గాదు దొరా. మా ఇంట్ల ఉన్నది, గంతే."

"మరి ఎవలది?"

"ఎవల్ది గాదు. ఆఖరు లగ్గం ఎవలింట్లయితదో వాళ్లింట్ల ఉంటది. లగ్గం ఉన్నోళ్లు వచ్చి అడుగుతరు, ఇస్తం. వాళ్లింట్ల ఉంటది. ఇంకోలు అడిగేదాక."

ఆ కటారుకు అదే కానూను అని ఆమె చెప్పుకొచ్చింది. అడిగినోళ్లకు లేదనద్దు. అమ్మద్దు, కుదువ పెట్టద్దు. లగ్గమైనంక పదారు రోజుల పండుగ దాక మొనకున్న నిమ్మకాయ తియ్యద్దు, ఆ పండుగ నాడు కడిగి, పసుపు పెట్టి, బట్టల చుట్టాలె. తన లగ్గం దాంతోటే అయిందట, అత్త లగ్గం దాంతోటే అయిందట. వాడోళ్లు కొందరు బొగ్గు బాయిల పనికి మందమర్రి పోయిన్రు, లగ్గానికి మాత్రం బస్సెక్కి వచ్చి తీసుకపోతరు. ఇప్పుడు అడిగేటోళ్లు తక్కువైన్రు, రేకు కత్తి ఉండంగ ఇదెందుకని. ఇదంత ఆమె గొంతు పెంచకుంట, తగ్గించకుంట చెప్పింది.

దామోదర్‌రావు మళ్ల ఒర మాటెత్తిండు. దాన్ని చేసినోళ్లు దానికి ఒర గూడ చేయించిన్రు, కత్తి ఒకాడ ఒర ఒకాడ ఉంటే ఎట్ల అన్నడు.

"దానికి నిమ్మకాయనే ఒర" అన్నది బాలలక్ష్మి. కండె నిండింది, ఇంకోటి తీసుకున్నది. ఆయన లేవలే. ఆయన లేస్తలేడని చూసి ఆమె నవ్వింది.

"మీ ఇంట్ల లగ్గమీడు పిలగాండ్లు లేరా?"

కొడుకున్నడు. వంశీధర్‌రావు, కరీంనగర్ల బ్యాంకు ఉద్యోగం. సంబంధం మాటలు గూడ నడుస్తున్నయి. అడిగినోళ్లకు లేదనద్దంటే అండ్ల ఫలానోళ్లే అడగాలె అని ఉన్నదా అని ఆయన అడిగిండు. బాలలక్ష్మి ఆలోచన చేసింది. ఇప్పటిదాక మీసొంటోళ్లు ఎవలూ అడగలే, కని అడగద్దని మాత్రం ఎవలూ చెప్పలే అన్నది.

ఇంటికచ్చి చెప్తే మనోరమ చేస్తున్న పని ఆపింది. మన తాతల కాలంల వాళ్లే మనింటి ముందట నిలబడి చీరెలు చూపించి పోయేటోళ్లు, ఇప్పుడు మనం పోయి వాళ్ల కటారు అడుక్కరావాల్నా అన్నది. గోడకు గన్ని ఉండంగ అండ్లకెల్లి ఒకటి పిలగాని చేతిల పెడితే ఏం పోతది అన్నది. దామోదర్‌రావు చెంబు నీళ్లు తాగి, చెంబు బోర్లిచ్చి పెట్టిండు. ఆ మొకం చూసి ఆమెకు సంగతి తెలిసింది.

"కొడుకుకు లగ్గం చేస్తున్నరా, ఒరకు చేస్తున్నరా?" అన్నది.

సంబంధం ఖాయమైంది. పిల్ల పేరు స్పందన, జగిత్యాలోళ్లు. వైశాఖంల లగ్గం. వంశీకి కటారు సంగతి చెప్తే, ఏదైతేంది బాపు అన్నడు. స్పందన మాత్రం ఫోన్ల విని, పాతది అసలుది అయితే ఫోటోల మంచిగ వస్తది అన్నదట. దాంతోటి మనోరమ గూడ ఇగ ఏమనలే.

దామోదర్‌రావు పోయి అడిగొస్తే, లగ్గానికి ముందటి రోజు అంబదాస్ వచ్చిండు. ఎర్రబట్ట మూటను రెండు చేతులతోటి పట్టుకొని వచ్చి, ఇంట్లకు రాకుంట అరుగు మీదనే నిలబడ్డడు. దామోదర్‌రావు చేతిల పెట్టి, పండుగ దాక నిమ్మకాయ ఉండనియ్యుండ్రి సారు, మా అవ్వ మళ్ల యాది చేసి చెప్పుమన్నది అన్నడు. ఉంటదన్నడు దామోదర్‌రావు. అన్నం తిని పొమ్మంటే, రేపు లగ్గంల తింట సారు అని పోయిండు. తెల్లారి వచ్చి తిన్నడు గూడ.

లగ్గం మంచిగ అయింది. పిలగాని చేతిల కటారు, మొనకు నిమ్మకాయ, పిడికి పసుపు కుంకుమ. దామోదర్‌రావు అక్షింతలు వేసినప్పుడు గూడ కొడుకు నెత్తి దిక్కు కాదు, చెయ్యి దిక్కే చూసిండని పక్కనున్న మనోరమ తర్వాత చుట్టాలకు చెప్పి నవ్వింది.

పిల్లను తోలుకొని ఇంటికచ్చిన్రు. ఇంటి నిండ చుట్టాలు. హారతి పట్టి లోపలికి తీసుకున్నంక వంశీ కటారును దేవునర్ర గూట్ల పెట్టి, బట్టలు మార్చుకోను పోయిండు. ఆడోళ్లు వంటర్రల ఉన్నరు. దామోదర్‌రావు గూటి ముందట నిలబడ్డడు. నిమ్మకాయ ఇంక పచ్చిగనే ఉన్నది, మొన పోయిన తావుల రసం కారి కత్తి మీద జారింది. పండుగ దాక ఆగాలె. అది ఆయనకు తెలుసు. ఇనుముకు పులుపు తాకితే ఏమైతదో అదీ తెలుసు, తెలువనోడు కాదు.

ఒక్కసారి పెట్టి చూస్తే ఏమైతది అనుకున్నడు.

నిమ్మకాయను గుంజి తీసిండు. భుజం మీది తువ్వాలకు కత్తిని ఇటొకసారి అటొకసారి తుడిచిండు. విత్తనాల అర్రలకు పోయి, గోడకెల్లి ఒరను దించి, కత్తి మొనను దాని నోట్ల పెట్టిండు. పోయింది. సగం దాక పట్టు తెలువకుంట పోయింది. తర్వాత జర బిర్రైంది. ఆఖరు వేలెడు అరచేతితోటి దొబ్బితే పోయింది. పొనికి చెక్క ఎండి ఎండి గుంజుకపోయి ఉంటది, గన్నేండ్ల సంది ఉత్తగ ఉన్నదాయె అనుకున్నడు. తలకిందులు పట్టుకుంటే కత్తి కదలలే. ఊపి చూసిండు. కదలలే. ఎవలో పిలిచిన్రు. గోడకు ఎక్కిచ్చి పోయిండు. పొద్దుగూకినంక తీసి నూనె రాద్దామనుకున్నడు, పొద్దుగూకేసరికి ఇంకొందరు చుట్టాలొచ్చిన్రు.

నిమ్మకాయ ఏదని మనోరమ అడిగితే, రాలిపోయింది అన్నడు. పచ్చి నిమ్మకాయ ఎట్ల రాలుతది అని ఆమె అడగలే, పని మీద ఉండె.

చుట్టాలు పోయినంక ఒకనాడు అర్రలకు పోయి బొటనేలుతోటి పిడిని నెట్టి చూసిండు. రాలే. ఇంకింత బలంగ నెట్టిండు. రాలే. వేరే కటారైతే ఫికర్ పెట్టుకునేటోడు. దీని దగ్గర మాత్రం ఆయనకు సంబురమైంది. దాని జోడు దానికి దొరికింది, ఇడుస్తలేదు అనుకున్నడు. ఊకె గుంజితే ఒర నోరు ఒదులైతది, ఉండనీ అని చేతులు కడుక్కున్నడు. ఆ తర్వాత ఎవలొచ్చినా దాన్ని చూపిచ్చేది, ముట్టనియ్యకపోయేది. పదారు రోజుల పండుగ నాడు మనోరమ కటారును కడగాలె గదా అంటే, పసుపు బొట్టు ఒర మీదనే పెట్టు, అదే అన్నడు.

జ్యేష్ఠం పోయింది. ఆషాఢంల ముసురు పట్టింది. విత్తనాల అర్ర పెంకులు ఒక దిక్కు కారి తూర్పు గోడ నెమ్ము పట్టింది. గోడకున్న మిగతా కటార్లను తీసి మంచం మీద పరిచి నూనె రాసిండు. నడిమిదాన్ని మాత్రం ఒరతోటే తుడిచి, గోడ మార్చి ఇంకో ఇనుప మొలకు తగిలిచ్చిండు.

శ్రావణంల ఒక పొద్దుగాల కొండల్ వచ్చిండు. మందమర్రి మనిషి, బొగ్గు బాయిలకెల్లి రిటైరైండు, పుట్టింది మాత్రం లక్షెట్టిపేట పద్మశాలోళ్ల వాడనే. చేతిల గొడుగు, చంకల మడత పెట్టిన కొత్త ఎర్రబట్ట. కొడుకుకు రేపు లగ్గమున్నదన్నడు, ఈ పొద్దు పొద్దుగూకినంక పెండ్లి పిలగాన్ని చేసుడున్నదన్నడు. అంబదాస్ ఇంటికి పోతే ఇటు తోలిండట. కటారు కోసం గింత దూరం ఎప్పుడూ రాలేదు సారు, గోదావరి దాటిచ్చిన్రు దాన్ని అని నవ్విండు.

మనోరమ చాయ తెచ్చిచ్చింది. దామోదర్‌రావు వెంటనే లేవలే. ఎవలన్న వస్తరని తెల్వక కాదు. అడిగేటోళ్లు తక్కువైన్రు అని బాలలక్ష్మి అన్న మాట పట్టుకొని ఇన్నొద్దులు ఉన్నడు. కొండల్ చాయ తాగి కప్పు కింద పెట్టి, ఎర్రబట్టను మోకాళ్ల మీద పరిచి కూసున్నడు. అప్పుడు లేచిండు.

దాన్ని దించి తెచ్చి పిడి పట్టుకొని గుంజిండు. రాలే. బొటనేలు పెట్టి నెట్టిండు. రాలే. కొండల్ చూస్తున్నడు. ఒర నోట్ల కుసుమ నూనె పోసి, జర సేపు ఆగి గుంజిండు. నూనె తోలు మీదికి కారింది గాని కత్తి కదలలే. కొండల్ లేచొచ్చి ఒరను పట్టుకున్నడు, దామోదర్‌రావు పిడిని పట్టుకున్నడు. ఇద్దరు చెరో దిక్కు గుంజిన్రు. మనోరమ గడపల నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నవ్వుతున్నదో పరేషాన్ అయితున్నదో తెలువలే.

"బాయిల బోల్టు గిట్ల పట్టుకుంటే దెబ్బేసి తీసెటోళ్లం" అన్నడు కొండల్.

"దెబ్బేస్తే మొన పోతది."

ఒరతోటే తీసుకపో అందామని నోటి దాక వచ్చింది దామోదర్‌రావుకు. ఒరల ఉన్న కటారుకు నిమ్మకాయ ఎట్ల గుచ్చుతరు. ఆ మాట మింగి, అర్రలకు పోయి, గోడకున్న వాటిల్ల మంచిదాన్ని దించి తెచ్చిండు. వెండి తీగ పని చేసినది, దాన్ని పెండ్లాం పిల్లలను గూడ ముట్టనియ్యడు. కొండల్ చేతిల పెట్టి, ఇది తీసుకపో, మూడు చుక్కలు దీనికి గూడ ఉన్నయి అన్నడు. కొండల్ దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు. మంచిగున్నది అన్నడు. మంచం మీద మెల్లగ పెట్టిండు.

"దీన్ని పట్టుకపోతే మా ఇంటిది నన్ను గడప తొక్కనియ్యది సారు. మా బాపు లగ్గం దాంతోటే, నా లగ్గం దాంతోటే."

ముసురు జర తెరపిచ్చింది. బస్సుకు ఇంక టైమున్నది, తొందరేం లేదు అన్నడు కొండల్, మోకాళ్ల మీది బట్టను మళ్ల సదురుకున్నడు. తొందరున్న మనిషే అట్లన్నడు.

దామోదర్‌రావు ఒరను మంచం పట్టె మీద పెట్టుకొని కూసున్నడు. వెనుక దిక్కు కుట్టు ఉంటది, పై నుంచి కింద దాక. దాని మీద వేలుతోటి ఒకసారి రాసిండు. మనోరమను చాకు తెమ్మన్నడు. ఆమె చాకు తెచ్చి, ఇయ్యకుంట పట్టుకొని నిలబడ్డది. ఆయన చెయ్యి చాపినంక ఇచ్చింది. కుట్టు పొంటి చాకు పెట్టి కోసిండు. తోలు కోసినట్టు కాలే, అప్పడం ఇరిగినట్టు పెళపెళ ఇరిగింది. అరిటాకు రంగు ముక్కలు మంచం కింద పడ్డయి. చింతగింజల జిగురు నెమ్ముకు మెత్తవడ్డది, చెక్క అతుకు సందుల చాకు పెట్టి తిప్పితే పై సగం దాక ఊకెనే తెరుసుకున్నది. కింది సగం రాలే. అక్కడ కత్తి చెక్కను కరుచుకొని ఉన్నది. చాకును ఇంక లోపలికి దొబ్బి తిప్పిండు. ఒక బద్ద అడ్డంగ పలిగి రెండు ముక్కలైంది. కత్తి బయటపడ్డది.

మొన ఎర్రగ తుప్పు పట్టి పొక్కులు పొక్కులుగ ఉన్నది. జొన్నగింజంత ముక్క చెక్కలనే ఇరిగి ఉండిపోయింది. కొండల్ వంగి చూసిండు.

"నిమ్మకాయ పండుగ దాక ఉండలేదా సారు?"

"నేనే తీసిన. లగ్గం నాడే."

దామోదర్‌రావు బూడిద తెప్పిచ్చి, నూనెల కలిపి మొనను రుద్దుకుంట కూసున్నడు. రుద్దుకుంటనే ఆయన కన్ను పక్కన పడి ఉన్న బద్దల మీదికి పోయింది. చెయ్యి ఆగింది.

పొనికి చెక్క లోపల ఒక పాత జాడ ఉన్నది. ఏండ్లకేండ్లు ఒక కత్తి అండ్ల పండుకొని పండుకొని, నూనె తాగి తాగి, చింతగింజ లెక్క నల్లగ నున్నగైన జాడ. సన్నగ, పొడుగ్గ, ఇత్తడి తొడుగు కొస దాక పోయింది. ఈ కత్తి గంత పొడుగు లేదు. గంత సన్నగ గూడ లేదు. నల్ల జాడకు రెండు దిక్కుల తెల్ల చెక్క పీచులు లేచి, తుప్పు అంటుకొని ఉన్నది, ఈ కత్తి దొబ్బుకొని పోయిన తావు. ఆఖరు వేలెడు అరచేతితోటి దొబ్బింది ఆయననే.

ఈ ఒర ఈ కత్తిది కాదు. ఎన్నడూ కాదు.

"ఏమైంది సారు?" అన్నడు కొండల్.

"ఏం లేదు."

మొన రుద్దుడు అయింది. పొక్కులు పోలే గాని ఎరుపు పోయింది. కత్తిని తుడిచి, పిడికి పసుపు పెట్టుమని మనోరమకు ఇచ్చిండు. ఆమె పెట్టి, బొట్టు పెట్టి తెచ్చింది. ఎర్రబట్టల చుట్టబోతూ కొండల్ మొనను ఇంకోసారి చూసిండు. దామోదర్‌రావు అటే చూస్తున్నడని గమనించిండు.

"నిమ్మకాయ గుచ్చితే గది కనవడది తియ్యుండ్రి" అన్నడు.

లగ్గానికి రమ్మని ఇద్దరినీ పిలిచిండు. బాయి కాలనీల ఇల్లు ఎక్కడో, ఏ బస్సు దిగాల్నో మనోరమకు చెప్పిండు, ఈయన వింటలేడని. గొడుగు తీసుకొని, మూటను రెండు చేతులతోటి పట్టుకోవాలె గన్క గొడుగును చంకల పెట్టుకొని, మళ్ల పట్టిన వానల తడుసుకుంట పోయిండు. ఇగ అది వాళ్లింట్ల ఉంటది. ఇంకోలు అడిగేదాక.

దామోదర్‌రావు చెక్క ముక్కలను, తోలు ముక్కలను, ఇత్తడి తొడుగును తువ్వాలల ఏరుకొని విత్తనాల అర్రలకు తీసుకపోయిండు. వెండి తీగ కటారును దాని తావుల పెట్టిండు. నడుమ మొలకు, పలగని బద్దకు దారం కట్టి వేలాడదీసిండు, లోపలి దిక్కు బయటికి కనవడేటట్టు. పలిగిన బద్దను దాని పక్కన కిటికీల పెట్టిండు. నల్ల జాడ కిటికీ వెలుతురుకు మెరిసింది.

మనోరమ గడపల నిలబడి చాన సేపు చూసింది. అగరుబత్తీల మాట ఎత్తలే.

"ఇన్నేండ్లు ఉత్తగ ఉన్నది, ఉత్తగనే ఉండేది" అన్నది ఆఖరుకు.

"దాని కత్తి ఇది కాదు. సన్నది."

"మరి అది ఏడున్నదట?"

"పెండ్లికి పోయింది."

ఆమె లోపలికి పోయి మళ్ల వచ్చింది. ఆయన చేతులకు తుప్పు ఎరుపు అంటి ఉన్నది, గోర్ల సందులల్ల గూడ. సబ్బుకు పోదని ఆమెకు తెలుసు. కోసిన నిమ్మకాయ చెక్క తెచ్చి ఆయన అరచేతిల పెట్టింది. ఆయన దాన్ని చూసిండు, ఆమెను చూసిండు. కాళ్లు చేతులు కడిగే జాలారి కాడ కూసొని, ఒక్కో వేలు రుద్దుకున్నడు. ఎరుపు పోయింది. మందమర్రి బస్సు ఎన్ని గంటలకని ఆమెను అడిగిండు.